వన్యప్రాణుల స్మగ్లింగ్ మీద ప్రభుత్వం చెప్పేదాన్ని చెక్ చేసుకోవడం ఎలా? ఒక్క జంతువుని పట్టుకుని చివరిదాకా వెళ్ళే పద్ధతి

2019 ఏప్రిల్‌లో సింగపూర్‌లో ఒక కంటైనర్ ఆపి తెరిచారు. కాగితాల మీద ఫ్రోజెన్ బీఫ్ అని రాసుంది, నైజీరియా నుంచి వియత్నాం పోతోంది, లోపల చూస్తే సంచుల నిండా అలుగు (పాంగోలిన్ అనే జంతువు) పొలుసులు, 12.9 టన్నులు. వారం తిరక్కముందే ఇంకో కంటైనర్, ఈసారి కాగితాల మీద క్యాసియా గింజలు, లోపల మళ్ళీ అవే పొలుసులు, 12.7 టన్నులు. రెండిటికీ కలిపి దాదాపు 38 వేల అలుగులు చచ్చిపోయుంటాయని అక్కడి అధికారుల అంచనా. అలుగుకి భయమేస్తే పరిగెత్తదు, ఉండలా చుట్టుకుపోతుంది, సింహం కూడా ఆ పొలుసుల్ని కొరకలేక కాసేపు దొర్లించి వదిలేస్తుంది, కానీ మనిషికి ఆ ఉండని ఎత్తి సంచిలో వేసుకోడానికి రెండు చేతులు చాలు. తనని వేల ఏళ్ళు కాపాడిన అలవాటే దాన్ని చంపేస్తోంది. ఇంతా చేసి ఆ పొలుసులో ఉన్నదేంటయ్యా అంటే కెరటిన్, మన గోళ్ళలో ఉండేదే.

ఇలాంటి వార్త రాగానే మనం ఫొటో చూస్తాం, టేబుల్ మీద పరిచిన సరుకు, వెనకాల నిలబడ్డ ఆఫీసర్లు, కింద ప్రభుత్వం కఠినంగా ఉంది అని ఒక వాక్యం. సంతోషపడతాం, షేర్ చేస్తాం, అక్కడితో అయిపోతుంది. నేను అనేది ఏంటంటే ఆ ఫొటో దగ్గర కథ మొదలవుతుంది, అయిపోదు. ఆ సరుకు ఎవరిది, కేసు ఏమైంది, శిక్ష ఎవరికి పడింది, సరుకు ఇప్పుడు ఎక్కడుంది, ఈ నాలుగూ అడిగితేనే పాలసీ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది అంటారు కదా, ఇక్కడ లాగాల్సిన తీగ ఒక్క జంతువు. దానికి పెద్ద డిగ్రీలేం అక్కర్లేదు, ఇంటర్నెట్, కాస్త ఓపిక, ఒక నోట్‌బుక్ ఉంటే స్టూడెంట్ అయినా రిపోర్టర్ అయినా ఊరికే బాధపడే మామూలు మనిషైనా చేసుకోవచ్చు. ఎలాగో చెప్తాను.

ముందు ఒక జంతువు, ఒక దేశం, ఒక ఐదేళ్ళ కాలం ఎంచుకోండి. "వన్యప్రాణులు" అని మొత్తం మీద పడొద్దు. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ అండ్ క్రైమ్ ఆఫీస్ 2024లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం 2015 నుంచి 2021 మధ్య 162 దేశాలు, ప్రాంతాల్లో ఈ వ్యాపారం దొరికింది, దాని బారిన పడ్డ జంతువులు, మొక్కలు కలిపి సుమారు 4,000 జాతులు. అంత పెద్దదాన్ని ఒకేసారి మోయలేం. నేను మొదటిసారి మొత్తం డేటా డౌన్‌లోడ్ చేసి కూర్చున్నాను, లక్షల వరుసలు, రెండు రోజులు చూసి మూసేసాను, మళ్ళీ ఆర్నెల్ల తర్వాత ఒక్క నక్షత్ర తాబేలుతో మొదలుపెడితే గానీ నాకు దారి దొరకలేదు. మొక్కల్ని కూడా మర్చిపోవద్దు, ఎర్రచందనం, రోజ్‌వుడ్ ఇవన్నీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి, జనం జంతువుల మీద పెట్టే శ్రద్ధ చెట్ల మీద పెట్టరు, స్మగ్లర్‌కి అదే కావాలి.

జంతువు ఎంచుకున్నాక అది సైటీస్‌లో ఎక్కడుందో చూడాలి. సైటీస్ అంటే అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాలన్నీ చేసుకున్న ఒప్పందం, 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి (ప్రపంచ వన్యప్రాణి దినం మార్చి 3 అందుకే), 1975 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది, ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌తో కలిపి 185 సభ్యులు. అందులో మూడు జాబితాలు. అపెండిక్స్ 1లో ఉంటే అడవిలోంచి పట్టినదాన్ని విదేశాలకి కమర్షియల్‌గా అమ్మడానికి లేదు. అపెండిక్స్ 2లో ఉంటే అమ్మొచ్చు కానీ ఎగుమతి చేసే దేశం పర్మిట్ ఇవ్వాలి, ఇచ్చేముందు ఆ దేశపు సైంటిఫిక్ అథారిటీ ఈ ఎగుమతి వల్ల ఆ జాతికి ముప్పు లేదు అని తేల్చి చెప్పాలి. అపెండిక్స్ 3 అంటే ఏదో ఒక దేశం మా దగ్గర దీన్ని కాపాడుకోడానికి మిగతావాళ్ళు సాయం చేయండి అని అడిగి పెట్టించుకున్నది. స్పీసీస్ ప్లస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామం కొడితే ఏ జాబితా, ఏ ఏడాది నుంచి, అంతా వచ్చేస్తుంది. మామూలు పేరుతో వెతికితే తప్పుదారి పడతారు, ఒకే పేరుకి నాలుగైదు జాతులుంటాయి, ప్రపంచంలో అలుగులే ఎనిమిది రకాలు.

ఇక్కడ ఏడాది చాలా ముఖ్యం. ఎనిమిది అలుగులూ అపెండిక్స్ 1లోకి వెళ్ళింది 2016లో జొహన్నెస్‌బర్గ్ సమావేశంలో, అమలైంది 2017 జనవరి నుంచి. అంతకుముందు అవి అపెండిక్స్ 2లో ఉన్నాయి. నక్షత్ర తాబేలుని అపెండిక్స్ 1లోకి చేర్చాలని 2019లో నిర్ణయించారు. కాబట్టి 2015లో జరిగిన వ్యాపారాన్ని ఇవాళ్టి రూల్‌తో కొలవకూడదు, కొలిచి అరిస్తే అవతలివాడు ఒక్క ముక్కలో కొట్టిపారేస్తాడు, మన మాటకి విలువ పోతుంది. ఇంకోటి, దేశాలు కొన్ని జాతుల మీద "మాకు ఇది వర్తించదు" అని రిజర్వేషన్ పెట్టుకోవచ్చు, తిమింగలాల విషయంలో జపాన్, నార్వే, ఐస్‌లాండ్ పెట్టుకున్నాయి. మీ దేశం అలాంటిది ఏదైనా పెట్టుకుందేమో స్పీసీస్ ప్లస్‌లోనే కనిపిస్తుంది, చూసుకోండి.

తర్వాత సొంత చట్టం. సైటీస్ ఒక్కటే ఎవర్నీ జైల్లో పెట్టదు, దేశం తన చట్టంలో రాసుకుంటేనే పోలీసు కదిలేది, కోర్టు వినేది. అందుకే 1992 నుంచి సైటీస్ వాళ్ళు ప్రతి దేశం చట్టాన్ని తీసుకుని నాలుగు విషయాలు చూస్తున్నారు: పర్మిట్లు ఇచ్చే అథారిటీని పెట్టారా, రూల్ తప్పిన వ్యాపారాన్ని నిషేధించారా, శిక్ష ఉందా, సరుకు జప్తు చేసే అధికారం ఉందా. నాలుగూ ఉంటే కేటగిరీ 1, కొన్ని ఉంటే 2, ఏదీ సరిగ్గా లేకపోతే 3. ఆ పట్టిక పబ్లిక్‌గానే ఉంటుంది, మీ దేశం ఎక్కడుందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కేటగిరీ 1 అని చూసి నిశ్చింతగా ఉండకండి, అది చట్టంలో మాటలున్నాయని చెప్తుంది, ఆ మాటలు ఎవరైనా వాడుతున్నారని చెప్పదు.

చట్టం చదివేటప్పుడు నేను ముందు వెతికేది శిక్షల సెక్షన్, అందులో గరిష్ఠ శిక్ష ఎన్నేళ్ళు అని. ఎందుకంటే వ్యవస్థీకృత నేరాల మీద ఐక్యరాజ్యసమితి 2000లో తెచ్చిన ఒప్పందంలో కనీసం 4 ఏళ్ళ గరిష్ఠ జైలు శిక్ష ఉన్న నేరాన్నే "తీవ్రమైన నేరం" అంటారు, ఆ గీత దాటితేనే వేరే దేశాల నుంచి సాక్ష్యాలు తెప్పించుకోవడం, నేరగాళ్ళని అప్పగించమని అడగడం ఇవన్నీ ఆ ఒప్పందం కింద సులువవుతాయి. మూడేళ్ళు అని రాసిన చోట అంతర్జాతీయ ముఠా కూడా చిల్లర దొంగతనంలా మిగిలిపోతుంది. ఉదాహరణకి ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. షెడ్యూల్ 1 (ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా) జంతువులకి సంబంధించిన నేరాలకి 3 నుంచి 7 ఏళ్ళు, కనీసం 25,000 రూపాయల జరిమానా, అంటే గీత దాటింది. కానీ మామూలు ఉల్లంఘనలకి 3 ఏళ్ళదాకా జైలు లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, ఇది గీత కిందే. ఒకే చట్టం, జంతువు ఏ షెడ్యూల్‌లో ఉంది అన్నదాన్ని బట్టి రెండు లోకాలు. అందుకే మీ జంతువు ఏ షెడ్యూల్‌లో ఉందో చూడకుండా "మా చట్టం చాలా గట్టిది" అన్న మాట నమ్మకండి.

ఇంకో ప్రశ్న, చట్టం వేరే దేశాల జంతువుల్ని పట్టించుకుంటుందా? చాలా దేశాల చట్టాలు సొంత అడవుల్లోని వాటినే కాపాడేవి, బయటనుంచి దొంగగా తెచ్చిన చిలుకో ఇగ్వానానో ఒకసారి బోర్డర్ దాటి ఇంట్లోకొచ్చేస్తే ఇక అడిగేవాడు లేడు. ఇండియాలో కూడా చాలాకాలం ఇదే పరిస్థితి, 2020 జూన్‌లో విదేశీ జంతువులున్నవాళ్ళు ఆరు నెలల్లోపు స్వచ్ఛందంగా చెప్పేస్తే కాగితాలు అడగం అని ఒక స్కీమ్ పెట్టారు, తర్వాత 2022 సవరణలో సైటీస్ జాతుల కోసం ప్రత్యేకంగా షెడ్యూల్ 4 చేర్చారు. అమెరికా అయితే 1900లోనే లేసీ చట్టం తెచ్చుకుంది, అందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే వేరే దేశపు చట్టాన్ని ఉల్లంఘించి తెచ్చిన సరుకైతే అది అమెరికాలో కూడా నేరమే, 2008లో దాన్ని కలపకి, మొక్కలకి కూడా పొడిగించారు. ఇలాంటి నిబంధన మీ చట్టంలో ఉందో లేదో వెతకండి, లేకపోతే అదే మీరు అడగాల్సిన మొదటి సవరణ.

మినహాయింపులు కూడా ఓపిగ్గా చదవాలి, దొంగలు అక్కడినుంచే దూరతారు. ఏనుగు దంతం తీసుకుంటే చాలాచోట్ల "పాతకాలం వస్తువు అయితే పర్లేదు" అనే రూల్ ఉండేది, కొత్త దంతానికి టీ డికాషన్ పట్టించి పాతదిలా చేసి అమ్మేవాళ్ళు. ఇంకో దారి మామత్ దంతం. మామత్ ఎప్పుడో అంతరించింది కాబట్టి దాని దంతం సైటీస్ జాబితాలో లేదు, ఏనుగు దంతాన్నే మామత్ అని చెప్పి దాటించేస్తే? దీనికి ఒక చక్కటి పరీక్ష ఉంది. దంతాన్ని అడ్డంగా కోసిన ముక్కని వెలుతురులో పెట్టి చూస్తే వల అల్లినట్టు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి, ష్రేగర్ గీతలంటారు, బయటి అంచు దగ్గర ఆ గీతలు కలిసే కోణం 115 డిగ్రీలకంటే ఎక్కువుంటే ఏనుగు, 90 కంటే తక్కువుంటే మామత్. కోణమానిని ఉంటే కస్టమ్స్ ఆఫీసర్ అక్కడికక్కడే కొలుచుకోవచ్చు. కాబట్టి పాలసీ డాక్యుమెంట్‌లో "సిబ్బందికి శిక్షణ" అని ఉంటే అందులో ఇలాంటివి నేర్పారా, ఎంతమందికి నేర్పారు అని అడగాలి.

ఆ తర్వాత చట్టం పాసైన రోజుకీ అమలైన రోజుకీ మధ్య గడువు రాసుకోండి. చైనా 2016 డిసెంబర్ చివర్లో దేశంలోపల ఏనుగు దంతం అమ్మకాలు ఆపేస్తాం అని ప్రకటించి 2017 డిసెంబర్ 31కల్లా ఆపేసింది, ఒక ఏడాది. బ్రిటన్ దంతాల చట్టం 2018లో పాసైంది, అమలైంది 2022 జూన్‌లో, మధ్యలో కోర్టు కేసులు కూడా నడిచాయి. హాంకాంగ్ మెల్లమెల్లగా తగ్గించుకుంటూ 2021 చివరికి మూసింది. ఆ గడువులో పాత స్టాక్ ఎవరి దగ్గర ఎంతుందో రిజిస్టర్ చేసారా లేదా అన్నది చూడాలి, చెయ్యకపోతే ఆ గడువు స్మగ్లర్‌కి సరుకు ఖాళీ చేసుకోడానికి ఇచ్చిన టైమే.

ఇప్పుడు డేటాలోకి వద్దాం. సైటీస్ ట్రేడ్ డేటాబేస్ అని ఒకటుంది, ఎవరైనా ఉచితంగా వాడొచ్చు, ప్రతి సభ్యదేశం ఏటా అక్టోబర్ 31లోపు అంతకుముందు ఏడాది లెక్కలు పంపాలి. ఇది లీగల్ వ్యాపారం లెక్క, అక్రమం లెక్క కాదు, అయినా దొంగతనం వాసన ఇక్కడే ముందు తగుల్తుంది. ఒక్క వరుసని మెల్లగా చదవండి: ఏడాది, జాతి, కొన్న దేశం, అమ్మిన దేశం, అసలు పుట్టిన దేశం, వస్తువు ఏంటి (బతికున్నదా, చర్మమా, పొలుసులా), ఎంత, ఎందుకు, ఎక్కడినుంచి. చివరి రెండూ ఒక్కొక్క అక్షరంలో ఉంటాయి. ఎందుకు అన్న చోట టీ అంటే కమర్షియల్, జెడ్ అంటే జూ కోసం, ఎస్ అంటే సైన్స్ కోసం, హెచ్ అంటే వేట ట్రోఫీ. ఎక్కడినుంచి అన్న చోట డబ్ల్యూ అంటే అడవి నుంచి పట్టింది, సీ అంటే బోనులో పెంచి పుట్టించింది, ఐ అంటే జప్తు చేసినది.

నేనైతే ముందు సీ అక్షరం మీద వేలు పెడతాను. అడవిలోంచి పట్టినదాన్ని "మా ఫామ్‌లో పుట్టింది" అని రాసి పంపడం ఈ వ్యాపారంలో పాత ట్రిక్కు. సోలమన్ దీవుల నుంచి 2000 నుంచి 2010 మధ్య పదుల వేల పక్షులు బయటికి పోయాయి, ఎక్కువ భాగం బోనులో పుట్టినవని కాగితాలు, కానీ అన్ని పక్షుల్ని పెంచే ఫామ్‌లు ఆ దీవుల్లో ఎక్కడా కనబడలేదని ట్రాఫిక్ అనే సంస్థ 2012లో బయటపెట్టింది. మీరూ అదే లెక్క వేసుకోండి. ఆ జాతి ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎన్నేళ్ళకి పెద్దదవుతుంది, ఆ దేశంలో ఎన్ని ఫామ్‌లకి లైసెన్స్ ఉంది, ఈ మూడూ కలిపితే ఏటా ఎన్ని పుట్టగలవో వస్తుంది, ఎగుమతి అంతకంటే ఎక్కువుంటే అక్కడ ప్రశ్న ఉన్నట్టే. ఇంకో చిట్కా, ఒక జాతి అసలు తన సహజ ప్రాంతం కాని దేశం నుంచి "పుట్టి" వస్తుంటే మొదటి జంట ఆ దేశానికి ఎప్పుడు లీగల్‌గా వచ్చిందో పాత ఏళ్ళల్లో వెతకండి, ఆ వరుస ఎక్కడా లేకపోతే ఆ తల్లిదండ్రులు ఎలా వచ్చాయో అడగొచ్చు. ఒక హెచ్చరిక కూడా. అమ్మిన దేశం చెప్పిన సంఖ్య, కొన్న దేశం చెప్పిన సంఖ్య చాలాసార్లు కలవవు, అది చూసి వెంటనే దొంగతనం అనుకోవద్దు, కొన్ని దేశాలు ఇచ్చిన పర్మిట్లు లెక్కేస్తాయి కొన్ని నిజంగా పోయిన సరుకు లెక్కేస్తాయి, డిసెంబర్‌లో బయల్దేరింది జనవరిలో చేరుతుంది. అదే తేడా వరుసగా నాలుగైదేళ్ళు ఒకే వైపు ఉంటే అప్పుడు రాసుకోండి.

పట్టివేతల సంఖ్య దగ్గర చాలామంది మోసపోతారు, ప్రభుత్వాలు కూడా అదే ముందు పెడతాయి. పట్టుకున్నది పెరిగితే నిఘా పెరిగిందా, స్మగ్లింగ్ పెరిగిందా? తగ్గితే దొంగలు మానేసారా, దారి మార్చారా, లేక చూసేవాళ్ళే మానేసారా? ఆ ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేం. దాని పక్కన అడవిలో లెక్క కూడా పెట్టాలి. సౌత్ ఆఫ్రికాలో 2007లో వేటగాళ్ళు చంపిన ఖడ్గమృగాలు 13, 2014కి అది 1,215 అయింది. ఏడేళ్ళలో. చట్టం ఆ ఏడేళ్ళూ ఉంది, పట్టివేతలూ ఉన్నాయి. 2024లో 420, తగ్గింది నిజమే, కానీ మిగిలిన ఖడ్గమృగాలు కూడా ముందుకంటే బాగా తక్కువ కాబట్టి ఆ అంకెని కూడా ఒంటరిగా చూడకూడదు. అడవి లెక్క కూడా ఎవరు వేసారో చూడాలి. ఇండియాలో సరిస్కా టైగర్ రిజర్వ్‌లో కాగితాల మీద పులులున్నాయి, 2005కి వచ్చేసరికి అక్కడ ఒక్క పులి కూడా మిగల్లేదని తేలింది, వేటగాళ్ళు మొత్తం ఊడ్చేసారు. ఆ దెబ్బకే టైగర్ టాస్క్ ఫోర్స్ వేసారు, 2006లో చట్టం సవరించారు, తర్వాత వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో వచ్చింది, పులుల్ని లెక్కపెట్టే పద్ధతి పాదముద్రల నుంచి కెమెరా ట్రాపులకి మారింది. అంత నష్టం జరిగాక వచ్చిన మార్పులవి. కాబట్టి ఏ రిపోర్ట్ చదివినా "ఈ లెక్క ఎలా తీసారు, బయటివాళ్ళు ఎవరైనా సరిచూసారా" అన్న వాక్యం కోసం వెతకండి.

ఇక కోర్టు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే, ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. కెన్యాలో వైల్డ్‌లైఫ్ డైరెక్ట్ అనే సంస్థవాళ్ళు 18 కోర్టుల్లోకి వెళ్ళి 2008 నుంచి 2013 మధ్య కేసుల ఫైళ్ళు తిరగేసారు, నేరం రుజువైనవాళ్ళలో జైలుకి పోయింది 4 శాతమే అని తేలింది, మిగతావాళ్ళు జరిమానా కట్టి ఇంటికి పోయినవాళ్ళే ఎక్కువ. 2013లో కెన్యా కొత్త చట్టం తెచ్చి శిక్షలు యావజ్జీవం దాకా పెంచింది. సంతోషం. కానీ 2014లో మొంబాసాలో రెండు టన్నులకి పైగా దంతం దొరికిన కేసులో ఒక పెద్ద నిందితుడికి 2016లో 20 ఏళ్ళు శిక్ష వేస్తే 2018లో అప్పీల్‌లో సాక్ష్యాల్లో లోపాలున్నాయని వదిలేసారు. అంటే శిక్ష పెంచడం ఒక్కటే సరిపోదు, సరుకు పట్టుకున్న నిమిషం నుంచి ఎవరు ముట్టుకున్నారు, ఎప్పుడు సీల్ వేసారు, ఎవరు సంతకం పెట్టారు, ఫోన్‌లోంచి తీసిన ఫొటోకి సర్టిఫికెట్ ఉందా, ఇవన్నీ గొలుసులా ఉండాలి, ఒక్క లంకె ఊడినా మొత్తం ఊడినట్టే. మీ దగ్గర కోర్టు కేసుల స్టేటస్ ఆన్‌లైన్‌లో ఉంటే పేపర్ వార్తల్లోంచి కేసు వివరాలు తీసుకుని ఒక పదో పదిహేనో కేసులు ఫాలో అవ్వండి. ప్రతిదానికీ రాసుకోవాల్సినవి: పట్టుకున్న తేదీ, ఛార్జిషీట్ తేదీ, ఎన్ని వాయిదాలు, తీర్పు, శిక్ష, అప్పీల్. పదిహేను కేసులకే ఒక ఆకారం కనిపించడం మొదలవుతుంది.

ఆ ఆకారంలో ఎవరున్నారు అన్నది కూడా చూడండి, ఇది నన్ను ఎప్పుడూ కలచివేసే విషయం. జైల్లో ఉండేది చాలావరకు అడవి పక్కన ఉచ్చు పెట్టినవాడు, సరుకు మోసినవాడు. దళారి ఒకరో ఇద్దరో. కంటైనర్ బుక్ చేసినవాడు, డబ్బు పెట్టినవాడు దాదాపు ఎప్పుడూ ఆ లిస్టులో ఉండడు. పొలుసు సంచి మోసినవాడిని శిక్షించొద్దు అనట్లేదు, కానీ వాడి దగ్గరే ఆగిపోతే రేపు ఆ సంచికి ఇంకో కూలీ దొరుకుతాడు. పైకి వెళ్ళాలంటే డబ్బు వెంట పడాలి. మనీలాండరింగ్ మీద ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2020 జూన్‌లో ప్రత్యేకంగా ఈ వ్యాపారం మీదే రిపోర్ట్ ఇచ్చింది, దేశాలు ఈ నేరాల్లో డబ్బు దర్యాప్తు చాలా అరుదుగా చేస్తున్నాయని అందులో చెప్పింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉంటుంది: ఐదేళ్ళలో వన్యప్రాణి కేసుల్లో ఎన్నింటికి మనీలాండరింగ్ కేసు జతచేసారు, ఎంత ఆస్తి అటాచ్ చేసారు? సమాధానం సున్నా అని వస్తే, ఆ సున్నా ఒక్కటి చాలా చెప్తుంది.

పట్టుకున్న సరుకు ఎక్కడుందో కూడా వదలకండి. ఉగాండాలో 2014లో ప్రభుత్వ స్ట్రాంగ్‌రూమ్‌లోంచే టన్నుకి పైగా దంతం మాయమైంది, కంచే చేను మేసినట్టు. ఏనుగు దంతం నిల్వలున్న దేశాలు ఏటా ఫిబ్రవరి 28లోపు ఎంతుందో సైటీస్‌కి చెప్పాలి, చెప్పాయా? నిల్వ అలాగే ఉంచాలా కాల్చెయ్యాలా అన్నదాని మీద పెద్ద వాదన ఉంది, కెన్యా 2016 ఏప్రిల్ 30న నైరోబీ నేషనల్ పార్కులో 105 టన్నుల దంతం కాల్చేసింది, సింగపూర్ 2020లో 9 టన్నులు పిండి చేసేసింది, ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని కొన్ని దేశాలు మాత్రం అమ్మి ఆ డబ్బు అడవికే పెడతాం అంటాయి. 1999లో, 2008లో అలా ప్రత్యేక అనుమతితో అమ్మారు కూడా. నా అభిప్రాయం అడిగితే అమ్మకం తలుపు కొంచెం తెరిచినా దాని వెనకాల దొంగ సరుకు దూరిపోతుంది, పాత దంతానికీ కొత్త దంతానికీ కొనేవాడు తేడా చూడడు. కానీ మీరు ఏ వైపున్నా సరే, బరువు తూచి, నంబర్ వేసి, డీఎన్ఏ శాంపిల్ తీసి పెట్టారా అన్నది అందరూ అడగాల్సిందే. ఆ శాంపిల్స్‌తోనే అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు పెద్ద పెద్ద పట్టివేతల దంతాలు ప్రధానంగా ఆఫ్రికాలో రెండు ప్రాంతాల నుంచే వచ్చాయని 2015లో తేల్చారు, ఎక్కడ గస్తీ పెంచాలో దాన్నిబట్టి తెలిసింది. బతికున్న జంతువులైతే ఇంకా ఆలస్యం చెయ్యొద్దు. పట్టుకున్న వెయ్యి తాబేళ్ళలో నెల తర్వాత ఎన్ని బతికున్నాయి, వాటికి రెస్క్యూ సెంటర్ ఉందా, పుట్టిన దేశానికి తిరిగి పంపారా, ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. ఫొటోలో ఉన్నప్పుడు అవి బతికే ఉంటాయి.

అడవి పక్కన ఉండే మనుషులకి పాలసీలో ఏముంది అన్నది ఒక పేరా అయినా చదవండి. దక్షిణ అమెరికాలో వికూన్యా అనే ఒంటె జాతి జంతువు ఉన్ని కోసం వేటకి బలై 1960ల్లో కొన్ని వేలకి పడిపోయింది. దాన్ని కాపాడటంతో పాటు, బతికున్నదాన్ని పట్టి ఉన్ని కత్తిరించి వదిలేసి అమ్ముకునే హక్కు కొండల్లోని ఊళ్ళవాళ్ళకి ఇచ్చారు, ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. నేపాల్‌లో సైన్యం, పార్క్ సిబ్బంది, ఊరి కుర్రాళ్ళ గస్తీ బృందాలు కలిసి పనిచేసి 2011లో ఒక్క ఖడ్గమృగం కూడా వేటకి పోకుండా ఏడాది దాటించారు. అన్ని జాతులకీ ఇదే సూత్రం పనికిరాదు, అలుగుకి ఉన్ని లేదు. కానీ ఊరివాళ్ళకి ఏమీ లేని పాలసీలో ముందస్తు సమాచారం ఇచ్చేది ఎవరు?

ఇవన్నీ చూసాక ప్రశ్నలు రాసి పంపండి. సమాచార హక్కు చట్టం ఉన్న దేశమైతే దాని కింద, లేకపోతే పార్లమెంట్ సభ్యుడి ద్వారా. "వన్యప్రాణుల రక్షణకి ఏం చేస్తున్నారు" అని రాస్తే నాలుగు పేజీల కబుర్లొస్తాయి. ఇలా రాయండి: 2019 జనవరి 1 నుంచి 2023 డిసెంబర్ 31 వరకు అలుగు, అలుగు పొలుసులకి సంబంధించి పెట్టిన కేసులెన్ని, ఛార్జిషీట్ వేసినవెన్ని, తీర్పు వచ్చినవెన్ని, వాటిలో జైలు శిక్ష ఎన్నిట్లో, జరిమానా మాత్రమే ఎన్నిట్లో, జప్తు చేసిన పొలుసుల మొత్తం బరువు ఎంత, ఇవాళ్టికి ఎక్కడ నిల్వ ఉన్నాయి, చివరిసారి తూచిన తేదీ ఏంటి. ఏడాదివారీగా ఇవ్వమనండి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో అంకె వచ్చేలా ఉండాలి. సమాచారం లేదు అని జవాబొస్తే పారెయ్యకండి, లెక్క పెట్టుకోవట్లేదు అన్నదే అక్కడ దొరికిన సమాచారం.

మధ్యలో మీకు అమ్మకానికి పెట్టిన జంతువో పొలుసో కనిపిస్తే, ఆన్‌లైన్‌లో అయినా సరే, జాలిపడి కొనొద్దు, కొంటే ఆ స్థానంలో ఇంకోదాన్ని పట్టుకొస్తాడు. అమ్మేవాడితో గొడవకి దిగొద్దు, పోస్ట్ షేర్ చేసి తిట్టొద్దు, డిలీట్ చేసి జారుకుంటాడు. లింకు, యూజర్ నేమ్, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి మీ దేశంలో వన్యప్రాణి నేరాలు చూసే శాఖకి పంపండి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఆ నంబర్ కూడా మీ నోట్‌బుక్‌లో ఒక కేసే, దాన్నీ అలాగే ఫాలో అవ్వాలి.

మన మాట చెవిన పడాలంటే టైమ్ కూడా చూసుకోవాలి. సైటీస్ దేశాలన్నీ సుమారు మూడేళ్ళకోసారి కూర్చుంటాయి, 2022లో పనామాలో, 2025లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో కూర్చున్నాయి. ఏ జాతిని ఏ జాబితాలో పెట్టాలి అన్న ప్రతిపాదనలు సమావేశానికి నెలల ముందే బయటికొస్తాయి, మీ దేశం ఏ వైపు ఓటేస్తుందో అడగాల్సింది అప్పుడు, సమావేశం అయిపోయాక కాదు. దేశంలో చట్టసవరణ ముసాయిదా పెట్టినప్పుడు అభిప్రాయాలకి గడువిస్తారు, అప్పుడు మీ పదిహేను కేసుల పట్టిక జతచేసి, ఏ సెక్షన్‌లో ఏ మాట మార్చాలో రాసి పంపండి. తర్వాత క్యాలెండర్‌లో మూడు తేదీలు పెట్టుకోండి: ఫిబ్రవరి 28 నిల్వల లెక్కకి, అక్టోబర్ 31 వ్యాపారం లెక్కకి, మూడోది మీరు ఫాలో అవుతున్న కేసుల్లో అన్నిటికంటే పాతదాని తర్వాతి వాయిదాకి.